దొరకని క్రిమి

మిర్యాలగూడ బస్సు ఎక్కాల్సిన సాలి కోదాడ బస్సు ఎక్కింది. ఎక్కి, కిటికీ పక్కన కూర్చుని, వంకరపోయిన వేళ్లతో అద్దాన్ని రెండుసార్లు నెట్టి, అది కదలకపోతే వదిలేసి, అప్పుడు గాని తానేం చేసిందో ఆమెకు తెలియలేదు. పాలకీడు దగ్గరి తండాలో హన్మా ఎదురుచూస్తుంటాడు, పొద్దు నడినెత్తికి రాకముందే వస్తానని చెప్పింది, బర్రెలకు నీళ్లు పెట్టి ఆయన అరుగు మీద కూర్చుని ఉంటాడు, ఫోన్ చేయాలి, చేస్తే కోదాడకు ఎందుకని అడుగుతాడు, పెళ్లయిన ముప్పై ఏళ్లలో ఆయన అడిగిన ప్రశ్నలు చాలా తక్కువ గానీ ఇది మాత్రం అడుగుతాడు, చెప్పాలంటే మొదటి నుంచి చెప్పాలి, మొదలు ఎక్కడో ఆమెకే తెలియదు. డాక్టరమ్మకూ తెలియదట. మూడేళ్లు వెతికిందట, మొదలు ఎక్కడ అని. ఏం దొరకలే అన్నది. ఏం దొరకలే. ఆ రెండు మాటలను సాలి బెల్లం ముక్కలాగా నోట్లో అటూ ఇటూ తిప్పుకుంటోంది, కొరికితే అయిపోతుందని కొరకకుండా.

బస్సు కదిలింది. కండక్టరు వచ్చి "ఏడికమ్మా" అంటే "కోదాడ" అన్నది, గొంతు అంత గట్టిగా వస్తుందని ఆమె అనుకోలేదు, పక్కనున్న ముసలాయన తిరిగి చూశాడు. ముందు సీట్లో ఇద్దరు తెలంగాణ బిల్లు గురించి మాట్లాడుకుంటున్నారు, పాసయితదని ఒకడు, అయ్యేదాక నమ్మనని ఇంకొకడు. ఆ రెండోవాడి మాట సాలికి నచ్చింది. తనదీ అదే సంగతి, విన్నదాన్ని మళ్లీ మళ్లీ విని చూసుకుంటోంది, ఎక్కడైనా ఒక ముక్క తప్పు విన్నానేమోనని. రెండు వారాలకోసారి గురువారం నాడు హైదరాబాదు నుంచి సూర్యాపేటకు వచ్చే డాక్టర్ త్రివేణి బల్ల మీద కాగితాలు తిప్పుతున్నప్పుడు ఆమె మొహం వాడిపోయి ఉంది. "ఏం దొరకలే సాలమ్మా" అన్నది డాక్టరమ్మ, పంట పోగొట్టుకున్న మనిషిలాగా. "రెండు వందల మందివి రక్తం, మోకాళ్ల నీళ్లు, చిగుళ్లు అన్నీ చూసినం. ఈ కీళ్ల రోగం ఏదన్న క్రిమితోటి మొదలైతదేమోనని మా అనుమానం. నీ కీళ్లల్ల గూడ ఏ క్రిమీ లేదు."

అప్పుడు అడిగింది సాలి. ఏడు నెలలు గొంతు దాటని మాట, బస్సు ఎక్కినంత తేలిగ్గా దాటింది. "అయితే నా నుంచి ఇంకొకలకు పోదా అమ్మా?"

డాక్టరమ్మకు ముందు అర్థం కాలేదు. పోవుడేంది అన్నది. అంటుకునుడు, అన్నది సాలి. ఇది అంటురోగమని నీకెవరు చెప్పిండ్రు అని డాక్టరమ్మ అడిగితే, తలుపు దగ్గర సీసాలు సర్దుతున్న ల్యాబు మనిషి నగేష్ వైపు సాలి చూడబోయి చూడలేదు, ఆయన మంచివాడు, నొప్పి పుట్టకుండా సూది గుచ్చుతాడు. "నేనే అనుకున్న" అన్నది. మనుమరాలు పుట్టి ఏడు నెలలైందని, ఇంతవరకు ఎత్తుకోలేదని చెప్పింది. అంతే చెప్పింది. డాక్టరమ్మ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది, అద్దాలు తీస్తే ఆమె కళ్లు చిన్నపిల్ల కళ్లలాగా ఉన్నాయి. "చూడు సాలమ్మా, గడ్డివాముకు నిప్పు పెట్టినోడు ఎప్పుడో పోయిండు. వాడెవడో అని మేం వెతుకుతున్నం. మంట మాత్రం నీ ఒంట్లనే ఉన్నది. నీ రక్తమే నీ కీళ్లను పరాయివనుకొని కొట్లాడుతున్నది. రేపు ఆ క్రిమి ఏదో దొరికినా, నీ రోగం నీ చేతుల నుంచి పక్కోళ్లకు పాకదు. ముద్దు పెట్టుకో, ఒక్క కంచంల తిను, ఏం కాదు." బిడ్డకు రాదా మరి అని సాలి అడిగితే, అబద్ధం చెప్పలేదు ఆమె, రక్త సంబంధం ఉన్నోళ్లకు రావొచ్చు, కొంచెం ఎక్కువ, కానీ ఎక్కువమందికి రాదు, వచ్చినా నువ్వు తాకినందుకు మాత్రం కాదు అన్నది. కళ్లద్దాలు మళ్లీ పెట్టుకుని, "ఈ మాట మేం మొదటి రోజే చెప్పాలె. చెప్పలే. తప్పు మాదే" అన్నది. నలభై ఎనిమిదేళ్లలో ఒక డాక్టరు నోట తప్పు మాది అనే మాట సాలి వినలేదు. చెప్పులు వేసుకుని బయటికొచ్చింది.

చివ్వెంల దాటింది. రోడ్డుకు రెండు వైపులా యాసంగి నాట్లు, పచ్చగా, ఇంకా నీళ్లు కనిపించేంత పలచగా. నడుములు వంచిన ఆడవాళ్లు ఒక వరసలో వెనక్కి వెనక్కి జరుగుతున్నారు. సాలి చేతులు ఒడిలో వాటంతట అవే కదిలాయి, బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, నారు మొక్కను పట్టుకుని బురదలో దిగేసే పట్టు. ఒకప్పుడు తండాలో తనంత వేగంగా నాటు వేసేది ఎవరు, సాగర్ కాలువకు నీళ్లు వదిలారంటే నాలుగు ఊళ్ల రైతులు ముందు సాలి ఉన్నదా అని అడిగేవాళ్లు. మొదలు ఎక్కడ. గన్యా జ్వరం, అదే చికున్‌గున్యా, వచ్చిన ఏడు, మొదలు అదే అయ్యుండాలి, డాక్టరమ్మ కూడా ఆ జ్వరం గురించే పదిసార్లు అడిగి రాసుకుంది. ఆ యేడు తండా తండా మంచాన పడింది, లేచి నిలబడ్డ మనిషి లేడు, బర్రెలు అరిచి అరిచి గొంతులు పోగొట్టుకుంటే హన్మా పాకుకుంటూ వెళ్లి తలుగులు విప్పాడు. జ్వరం మూడు రోజులే, నొప్పులు మాత్రం నెలల తరబడి. వంగి వంగి నడుస్తూ ఒకరినొకరు చూసి నవ్వుకునేవాళ్లు, నువ్వు ముసలిదానివైనవే, నువ్వయినవే అనుకుంటూ. దసరా నాటికి అందరి నడుములూ నిలబడ్డాయి. సాలి వేళ్లు మాత్రం విచ్చుకోలేదు. పొద్దున లేస్తే పిడికిలి బిగిసిపోయి ఉండేది, హన్మా గోరువెచ్చటి నీళ్ల గిన్నె తెచ్చి ఆమె రెండు చేతులూ అందులో పెట్టి, తన చేతులూ పెట్టి, ఒక్కొక్క వేలు తెరిచేవాడు. మణికట్లు ఎంత వాచాయంటే పెళ్లినాటి నుంచి మోచేతి దాకా వేసుకున్న తెల్ల గాజులు కోయాల్సి వచ్చింది. మొగుడు బతికుండగా ఆ గాజులు తీయడమేమిటని ఆడబిడ్డ రంగి గోడకు తల ఆనించి ఏడ్చింది, రంపం పట్టుకున్న హన్మా మాత్రం "నేను బతికే ఉన్న గద, గాజులకేం తెలుసు" అన్నాడు.

రంగి. మొన్నటిదాకా రంగి పేరు తలుచుకుంటేనే సాలికి తప్పు చేసినట్టుండేది. నాట్లలో పక్కపక్కన నిలబడ్డవాళ్లు, ఒక్క మూటలోని రొట్టె తుంచుకుని తిన్నవాళ్లు, గన్యా తర్వాత మూడేళ్లకు రంగికి మోకాళ్లు పట్టుకుపోయాయి. తండా ఊరుకుంటుందా, సాలి దగ్గర నుంచే పాకింది అన్నారు. ఎవరూ మొహం మీద అనలేదు. కూలికి పోయిన చోట నీళ్ల బిందె తన చేతికి అందే లోపలే ఎవరో ఒకరు ఎత్తి గ్లాసులో పోసి ఇచ్చేవాళ్లు, మర్యాద అనుకుంది మొదట్లో, చేతులు బాగలేవని దయ అనుకుంది, తర్వాత ఆ గ్లాసు మీద, ఆమెకు వేరు అని గుర్తుగా పెట్టిన సున్నపు బొట్టు కనిపించింది. ఆ రోజు ఇంటికొచ్చి హన్మాకు చెప్పింది. మర్నాడు పొద్దున చాయ సగం తాగి కింద పెట్టిన ఆమె గ్లాసు తీసుకుని, నలుగురూ చూస్తుండగా అరుగు మీద నిలబడి మిగతా సగం ఆయన తాగాడు. "నాకు రావాలంటే ఎప్పుడో రావాలె" అన్నాడు, అంతే, బర్రెల దగ్గరికి పోయాడు. మొగుడికి రాలేదు సరే, రంగికి ఎందుకొచ్చింది మరి, ఆ ఆలోచన మాత్రం చెప్పులో ముల్లులాగా ఉండిపోయింది. ఇందాక ఆ సంగతి కూడా అడిగింది గదా, అవును అడిగింది, చెప్పులు వేసుకోబోయే ముందు. రంగి రక్తం కూడా తీసుకున్నారు అప్పట్లో, ఇంట్లో ఇంకొకరిది కావాలంటే సాలే తీసుకొచ్చింది. డాక్టరమ్మ కాగితం వెతికి, "మీ ఆడబిడ్డకు నీ రోగం కాదు, మోకాళ్లు అరిగినయ్, అంతే, వయసు, బరువు మోసుడు" అన్నది. అరిగినయ్. రంగి నెత్తిన ఎన్ని మోపులు మోసింది. సాలికి నవ్వొచ్చింది, బస్సులో ఒంటరిగా నవ్వితే ఏమనుకుంటారోనని కొంగు అడ్డం పెట్టుకుంది. సున్నపు బొట్టు పెట్టినవాళ్లకు ఇంటికి పోయి చెప్పాలి, అరిగినయట అని. చెప్పినా నమ్మరేమో. నమ్మకపోతే పోనీ.

కానీ తండా అన్నప్పుడు తాను నమ్మలేదు, అది గుర్తుంచుకోవాలి, తండా మాటలకు భయపడే మనిషి కాదు తను. నగేష్ చెబితే నమ్మింది. తెల్ల కోటు, చేతికి తొడుగులు, నోటికి గుడ్డ. నిరుడు వానలు మొదలయ్యే ముందు, మోకాలి లోంచి గంజి లాంటి నీళ్లు తీసి సీసాలో పోశాక, నోరు తెరువమ్మా అని సన్నటి ఇనుప పుల్లతో చిగుళ్లు గీకుతూ, ఊరికే మాటకు మాట అన్నట్టు, "గీ చిగుళ్ల కింద క్రిములుంటయ్, గవే కీళ్లల్లకు పోతున్నయేమోనని చూస్తున్నం" అన్నాడు. నోరు తెరిచి ఉండటంతో సాలి ఏమీ అడగలేకపోయింది. చిగుళ్లలో క్రిమి. ఆ క్రిమి తన నోట్లో ఉంది, ఉమ్ములో ఉంది, ముద్దలో ఉంది. నెల తిరగకుండానే కూతురు శోభ కాన్పు. కోదాడ దవాఖానలో నర్సు పాత చీర ముక్కలో చుట్టిన పసిగుడ్డును తెచ్చి అమ్మమ్మా పట్టుకో అని చాపితే, సాలి ఒక అడుగు వెనక్కి వేసింది. "నా చేతులు బాగలేవు, జారుతది" అన్నది. నర్సు శోభ అత్త చేతుల్లో పెట్టింది. మంచం మీద నుంచి శోభ చూసింది. చెమటకు అంటుకుపోయిన వెంట్రుకల కింద నుంచి ఆ చూపు, అది కాదు బిడ్డా అని అరవాలనిపించింది, నోరు తెరవడానికి కూడా భయమేసింది, నోట్లోనే గదా క్రిమి.

బస్సు పక్కకు తీసి ఆగింది, ఏదో లారీ. మళ్లీ కదిలింది. ఏడు నెలల్లో నాలుగుసార్లు వచ్చింది ఇదే రోడ్డు మీద, నాలుగుసార్లూ సంచిలో తన గ్లాసు తాను తెచ్చుకుంది, గుమ్మం పక్కనే కూర్చుంది, పాప పాకుతూ ఇటు వస్తుంటే లేచి బయటికి పోయింది, ఎవరో పిలిచినట్టు అటు తిరిగి లేని మనిషికి బదులు చెప్పింది. మూడోసారి శోభ ఆ గ్లాసు చూసి, అమ్మను తమ మాటలో పిలుస్తూ, మా ఇంట్ల నీళ్లు గూడ తాగవా యాడీ అన్నది. నాలుగోసారి ఏమీ అనలేదు. మొన్న ఫోనులో అన్నది, తమ లంబాడీ మాటలోనే, మెల్లగా, కోపం కూడా లేకుండా: "ఆడపిల్ల అనే గదా యాడీ. మగపిల్లగాడు అయితే ఎత్తుకుందువు." శోభ పుట్టినప్పుడు తన అత్త మొహం తిప్పుకుని పోతే, పచ్చి బాలింత తను, బిడ్డను వీపుకు కట్టుకుని నాటుకు పోయింది, వంగినప్పుడల్లా ఆ చిన్న తల మెడకు తగిలేది, ఆ తగలడం కోసమే వంగినట్టుండేది. ఇది ఎవరికి చెప్పాలి. చెబితే క్రిమి సంగతి చెప్పాలి. క్రిమి అని నోరు జారితే శోభ అత్త ఊరుకుంటుందా, ఈమె పాలు తాగి పెరిగిన పిల్లే గదా నువ్వు, నీ ఒంట్ల ఉండదా అంటుంది, శోభకు ఒక సున్నపు బొట్టు గ్లాసు వస్తుంది. తనకు వస్తే సరే. బిడ్డకు రాకూడదు. ఆడపిల్లని ముట్టుకోలేదని అనుకుంటే అనుకోనీ, అదే మేలు, అమ్మ మీద కోపంతో బతకొచ్చు. అలా అనుకునే ఏడు నెలలు మూట కట్టి గొంతులో పెట్టుకుంది.

మునగాలలో బస్సు ఆగితే దాబాల నుంచి మసాలా వాసన లోపలికొచ్చింది, పొద్దుటి నుంచి ఏమీ తినలేదని గుర్తొచ్చింది. జనం ఎక్కారు. రెండు సంచులు, భుజం మీద ఏడాది పిల్లాడితో ఒక పడుచు, నిలబడటానికి చోటు లేక సాలి సీటుకు ఆనుకుని, "కొంచెం పట్టుకోండమ్మా, టికెట్ తీసుకుంటాను" అంటూ, సరే అనకముందే పిల్లాణ్ని ఒళ్లోకి దించబోయింది. సాలి చేతులు పైకి లేచాయి. పట్టుకోవడానికి కాదు, అడ్డం. "నా చేతులు బాగలేవు బిడ్డా, జారుతడు" అన్నది. తన గొంతు తనకే వినబడింది. పక్కనున్న ముసలాయన పిల్లాణ్ని అందుకుని మోకాలి మీద కూర్చోబెట్టుకున్నాడు, వాడు వెంటనే ఆయన తలపాగా పీకాడు, పడుచు నవ్వింది. సాలి కిటికీ వైపు తిరిగింది. ఏం చేసింది తను. ఏం లేదని చెప్పారు గదా, గంట కాలేదు, చెవులు విన్నాయి, తల ఒప్పుకుంది, ఈ చేతులకు ఎవరు చెప్పాలి. వారానికోసారి మింగే పసుపు గోళీలతో వాపు తగ్గింది, నొప్పి తగ్గింది, పిడికిలి సగం తెరుచుకుంటోంది, రెండేళ్ల కింద అయితే నిజంగానే జారేవాడు, ఇప్పుడు జారడు, తెలుసు, అయినా లేచాయి. కోదాడలోనూ ఇలాగే లేస్తే. శోభ చూస్తుండగా, చెప్పాల్సిందంతా చెప్పాక కూడా, ఇవి అడ్డం లేస్తే. దిగిపోదామా అనిపించింది, ఎదుటి దిక్కు బస్సు పట్టుకుని ఇంటికి పోయి హన్మాను వెంటబెట్టుకుని రేపు వద్దామా. కొమరబండ వచ్చింది. ఆమె దిగలేదు. చేతులను ఒకదానిలో ఒకటి పెట్టుకుని, చలికాలం పొద్దున హన్మా చేసినట్టే, ఒక్కొక్క వేలునూ తానే నిమురుకుంటూ కూర్చుంది.

శోభ ఉండేది కోదాడ బస్టాండుకు పది నిమిషాల దూరంలో ఒక కిరాయి ఇల్లు. అల్లుడు రాజ్‌కుమార్ సిమెంటు ఫ్యాక్టరీ డ్యూటీలో ఉంటాడు, అత్త మిరపకాయలు ఏరే కూలికి పోయి ఉంటుంది, ఈ వేళకు శోభ ఒక్కతే. ఆ పది నిమిషాలూ సాలికి ఒక ఆలోచన కూడా రాలేదు, మోకాళ్లు నడిచాయి, ఆమె వాటి వెంట పోయింది. శోభ గుమ్మంలో కూర్చుని పాపకు అన్నం పిసికి పెడుతోంది. తల్లిని చూసి లేవలేదు.

"చెప్పకుండ వచ్చినవ్" అన్నది.

"ఆడపిల్ల అని కాదు బిడ్డా" అన్నది సాలి. నిలబడే చెప్పింది. ఇనుప పుల్ల, క్రిమి, దవాఖానలో వేసిన అడుగు, అత్తకు తెలిస్తే నిన్ను కూడా దూరం పెడతారని, పొద్దున డాక్టరమ్మ ఏం దొరకలే అన్నదని, దొరికినా అంటుకోదన్నదని, ముందుది వెనక, వెనకది ముందు. శోభ చెయ్యి అన్నం ముద్దతో గాలిలోనే ఉండిపోయింది. పాప దాని కోసం నోరు చాపి చాపి చివరికి మణికట్టు పట్టుకుని లాక్కుంది.

"ఏడు నెలలు నేను ఏం అనుకుంటున్ననో నీకు తెలుసు గద" అన్నది శోభ.

"తెలుసు."

"తెలిసి గూడ ఊకున్నవ్."

"ఊకున్న."

శోభ గిన్నె కింద పెట్టింది. కొంగుతో మొహం తుడుచుకుంది, అదే కొంగుతో పాప మూతి తుడిచింది. తర్వాత, "లోపలికి రా. గోడకు ఆనుకొని కూసో, కాళ్లు సాపుకో" అన్నది, దవాఖానలో నర్సు చెప్పినట్టు. సాలి కూర్చుంది. కాళ్లు చాపింది. చేతులు లేస్తాయేమోనని రెండు అరచేతులూ నేలకు అదిమి పెట్టింది. శోభ పాపను తెచ్చి ఆ ఒడిలో పెట్టి, తల్లి కుడిచేతిని తానే ఎత్తి పిల్ల వీపు మీద వేసి, గిన్నె తీసుకుని లోపలికి పోయింది. నల్లా విప్పిన చప్పుడైంది.

ఎంత వేడిగా ఉంది. ఇంత చిన్న ఒళ్లు ఇంత వేడిగా ఉంటుందని మరిచిపోయింది. పాప ఆమె మొహం చూసింది, కొత్త మనిషిని చూసినట్టు, ఏడవాలా వద్దా అని ఆలోచించినట్టు, తర్వాత మొహం వదిలేసి ఎడమచేతిని పట్టుకుంది. కొక్కెంలాగా వంగిన చిటికెనవేలు దానికి నచ్చింది, పట్టుకోవడానికి వీలుగా ఉంది. తిప్పి తిప్పి చూసి తిన్నగా నోట్లో పెట్టుకుంది. సాలి చెయ్యి వెనక్కి లాక్కోబోయింది, భుజం దాకా కదిలింది, అక్కడ ఆగింది. వేలి చుట్టూ తడి, నాలుక, చిగురు, అందులోంచి పొడుచుకొచ్చిన రెండు గరుకు మొనలు.

"శోభా, పండ్లు వస్తున్నయే" అన్నది.

"కింద రెండు వచ్చినయ్" అన్నది శోభ లోపలి నుంచి, గొంతు ఇంకా బొంగురుగానే ఉంది. "ఏలు పెట్టకు, కరుస్తది."

"కరవనీ" అన్నది సాలి.